మంచులో బండిని చంపేది వేడి

(పర్లాకిమిడిలో విశ్వకర్మ పూజ రోజు సాయంత్రం, చుట్టుపక్కల ఊళ్ళ మెకానిక్‌లూ ఐటీఐ విద్యార్థులూ కూర్చున్న సమావేశంలో, ఆర్మీలో వాహనాల మెకానిక్‌గా పనిచేసి రిటైర్ అయిన ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకీ, మేస్త్రీలకీ, ఐటీఐ నుంచి వచ్చిన తమ్ముళ్ళకీ నమస్కారం. పానాలకి పసుపూ కుంకుమా పెట్టి పక్కన ఉంచిన రోజు ఇది. ఇవాళ ఎవరూ పనిముట్టు పట్టుకోరు కాబట్టి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నన్ను పిలిచినప్పుడు పవర్ టిల్లర్ గురించి చెప్పమంటారనుకున్నాను. కుర్రాళ్ళు మాత్రం స్నో స్కూటర్, అంటే మంచు మీద తిరిగే బండి గురించి అడిగారు. అడగడానికి కారణం ఉంది. కాశీనగర్, గుణుపూర్, అటు పాతపట్నం వైపు నుంచి మన పిల్లలు ఆర్మీకి వెళ్తున్నారు. ఈఎంఈలో, అంటే ఆర్మీ వాహనాలూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో చేరితే సికింద్రాబాద్ లాంటి చోట ట్రైనింగ్ అవుతుంది, ఆ తర్వాత పోస్టింగ్ ఎటు పడుతుందో చెప్పలేం. సియాచిన్ లాంటి చోట మనవాళ్ళు ఈ బండి కూడా వాడతారు. గుల్మార్గ్‌లో, మనాలీ పైన సోలాంగ్‌లో టూరిస్టుల్ని తిప్పే బండ్లూ ఇవే. వాటికీ మెకానిక్‌లు కావాలి. ఆ పని చెయ్యడానికి కావలసిన చదువులో సగం పైన మీకు ఇప్పటికే వచ్చు. ఆ సగం ఏదో, మిగిలిన సగం ఏదో చెప్పడానికే వచ్చాను.

మంచు మీద తిరిగే బండి చలికి పాడవుతుందని అందరూ అనుకుంటారు. చలి దాన్ని స్టార్ట్ కానివ్వదు, మనల్ని విసిగిస్తుంది, చేతులు కొంకర్లు పోయేలా చేస్తుంది. బండిని నిజంగా పాడుచేసేది వేడి. పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని పట్టేసినా, బెల్టు తెగినా, బండి కింద తిరిగే రబ్బరు ట్రాక్ లోపలి పట్టీలు కరిగిపోయినా వెనక ఉన్నది వేడే. బయట మైనస్ 20 ఉంటుంది. లోపల ఎక్కడో ఒక చోట వేడి పుడుతుంది, పోయే దారి దొరకదు. అది ఎక్కడ పుట్టింది, ఎందుకు పోలేదు అని వెతికితే రిపేర్ సగం అయినట్టే.

ఈ బండి ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ట్ అని చిన్న ఊరు. అక్కడ జోసెఫ్ అర్మాండ్ బాంబార్డియర్ అని ఒక గ్యారేజీ మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి కడుపులో జబ్బు ముదిరింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళే దారి లేక బిడ్డ చనిపోయాడు. 1937లో, పళ్ళచక్రంతో రబ్బరు ట్రాక్‌ని తిప్పే పద్ధతికి ఆయనకి పేటెంట్ వచ్చింది. మొదట చేసినవి ఏడుగురు కూర్చునే పెద్ద బండ్లు. డాక్టర్లూ, ఉత్తరాలూ, బడిపిల్లలూ వాటిలో వెళ్ళేవాళ్ళు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో వచ్చింది. మన కొండల మీద సవర గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన వాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. ఈ బండి అవసరం ఎలాంటిదో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దారి లేని చోట బండి ఆగితే పోయేది డబ్బు కాదు, మనిషి. అందుకే అక్కడ బయలుదేరక ముందు చేసే పనే అసలు పని. దారిలో చేసేది గత్యంతరం లేక చేసే పని.

బండి కట్టుబడి చూద్దాం. ముందు రెండు స్కీలు, హ్యాండిల్ తిప్పితే అవి తిరుగుతాయి. వాటి కింద గట్టి లోహపు కడ్డీలు ఉంటాయి, మంచుని కోసి పట్టు ఇచ్చేవి అవే. అవి అరిగితే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. వెనక వెడల్పాటి రబ్బరు ట్రాక్ ఒక్కటే. ఇంజన్ ముందు ఉంటుంది. ఇంజన్ నుంచి బెల్టు, బెల్టు నుంచి ఆయిల్‌లో తిరిగే గొలుసు, గొలుసు నుంచి ట్రాక్‌ని తిప్పే షాఫ్టు. బ్రేకు ఒక్కటే, డిస్క్ బ్రేకు. గేర్లు మార్చే పని లేదు. మీ షాపుకి రోజూ వచ్చే స్కూటీలో ఉన్న బెల్టు పద్ధతే ఇక్కడా ఉంది. ఇంజన్ చాలా బండ్లలో టూ స్ట్రోక్. ఆర్‌ఎక్స్ 100లు, లూనాలు విప్పిన మేస్త్రీలకి అది కొత్త కాదు. ఇప్పటి తమ్ముళ్ళకి గడ్డి కోసే మిషను, చెట్లు కోసే రంపం విప్పిన అనుభవం ఉంటుంది. సూత్రం అదే.

ఇప్పుడు ఇంజన్‌లో వేడి సంగతి.

గాలి చల్లబడితే చిక్కబడుతుంది. మన ఊళ్ళో చలికాలం పొద్దున్న ఉండే 20 డిగ్రీల గాలి కన్నా, అదే పీడనంలో మైనస్ 20 గాలి దాదాపు 16 శాతం చిక్కగా ఉంటుంది. కార్బరేటర్ అదే, అందులో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం, జెట్టు, అదే. లోపలికి వెళ్ళే గాలి పెరిగింది, పెట్రోలు అంత పెరగలేదు. గాలీ పెట్రోలూ కలిసిన మిక్స్చర్ పలచబడింది, అంటే అందులో పెట్రోలు వాటా తగ్గింది. పలచని మిక్స్చర్ మండితే పిస్టన్ తల మీద వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌ని చల్లబరచడంలో లోపలికి వచ్చే పెట్రోలుకీ ఆయిల్‌కీ పెద్ద వాటా ఉంది. గాలికి తగ్గట్టు ఆ రెండూ పెరగలేదు. వేడి పెరిగింది, చల్లబరిచేది పెరగలేదు. ఫుల్ రేజింగ్‌లో కొద్ది దూరం పోయేసరికి పిస్టన్ పట్టేస్తుంది. అందుకే చలి పెరిగేకొద్దీ పెద్ద జెట్టు వెయ్యాలి.

ఎత్తు దీనికి ఎదురు పని చేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, మిక్స్చర్‌లో పెట్రోలు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, పికప్ పోతుంది. మన మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంది. దాని పైన కొండలు ఇంకా ఎత్తు. అక్కడ చిన్న జెట్టు వేసుకోవాలి. చలికి ఒక లెక్క, ఎత్తుకి ఒక లెక్క. రెండూ కలిపి కంపెనీ పుస్తకంలో పట్టిక ఇస్తారు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క టెంపరేచర్, రెండూ కలిసే గడిలో జెట్టు నంబరు. అసలు ప్రమాదం ఎక్కడొస్తుందంటే, పైన ఎత్తుకి సెట్ చేసిన బండిని లారీలో కిందికి దించి, బాగా చలిగా ఉన్న పొద్దున్న అదే జెట్టుతో ఫుల్‌గా తోలినప్పుడు. పైన చక్కగా నడిచిన బండే కింద పట్టేస్తుంది. అప్పుడు ఆయిల్ మీద, కంపెనీ మీద తప్పు వేస్తారు. జెట్టు ఎవరూ చూడరు.

దీన్ని ముందే పసిగట్టడానికి ప్లగ్గు ఉంది. బండిని లోడు మీద కొంచెం దూరం నడిపి, అదే రేజింగ్‌లో స్విచ్ నొక్కి ఆపేసి ప్లగ్గు తియ్యండి. స్లోలో, అంటే రేజింగ్ ఇవ్వకుండా, నిలబెట్టి తీస్తే ప్లగ్గు అబద్ధం చెబుతుంది. లేత కాఫీ రంగు ఉంటే సరే. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే మాత్రం బండి కదిలించకండి. దాని మీద చిన్న చిన్న లోహపు చుక్కలు కనిపిస్తే పిస్టన్ అప్పటికే కరగడం మొదలుపెట్టింది.

ఈ బల్ల మీద మూడు పిస్టన్లు పెట్టాను. చేతుల్లోకి తీసుకుని చూడండి, పక్కవాళ్ళకి అందించండి. మొదటిదాని మీద గీతలు ఒక పక్కే ఉన్నాయి, సైలెన్సర్ వైపు. ఇది పలచని మిక్స్చర్‌తో పోయింది. ఆ వైపే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ముందు అక్కడే పట్టుకుంటుంది. రెండోదాని చుట్టూ గీతలు ఉన్నాయి. దీనికి ఆయిల్ అందలేదు. మూడోది బాగా చూడండి. నాలుగు చోట్ల, నాలుగు మూలల్లో మచ్చలున్నాయి, మధ్యలో శుభ్రంగా ఉంది. దీనికి ఆయిల్ అందింది, మిక్స్చర్ సరిగ్గానే ఉంది. మరి ఎందుకు పోయింది?

తోలినవాడి తొందర వల్ల పోయింది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కన్నా దాదాపు రెండింతలు ఉబ్బుతుంది. మైనస్ 20లో రాత్రంతా నిలబెట్టిన బండిని స్టార్ట్ చేసి వెంటనే రేజింగ్ ఇస్తే, లోపల పిస్టన్ క్షణాల్లో వేడెక్కి ఉబ్బుతుంది. బయట సిలిండర్ ఇంకా మంచులా ఉంటుంది, అది ఉబ్బదు. మధ్యలో ఉండాల్సిన సందు మూసుకుపోతుంది. ఇంజన్ చల్లగా ఉండగానే పిస్టన్ వేడికి పట్టేసింది! నీటితో చల్లబడే ఇంజన్లలో ఇంకో సంగతి ఉంది. ఇంజన్ వేడెక్కిందనుకుని బయలుదేరతారు, ఇంజన్ వేడిని బట్టి దారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకోగానే ట్రాక్ పైన రేడియేటర్లలో గడ్డకట్టేంత చల్లగా ఉన్న కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, ఒక్కసారి సిలిండర్ చుట్టూ చేరుతుంది. సిలిండర్ ముడుచుకుంటుంది, పిస్టన్ ముడుచుకోదు. అందుకని మొదట నిదానంగా, తక్కువ రేజింగ్‌లో కొంత దూరం నడపాలి. తోలేవాళ్ళకి ఈ మాట చెప్పే బాధ్యత మెకానిక్‌దే. బండి తాళం ఇచ్చేటప్పుడు చెప్పండి, విసుక్కున్నా చెప్పండి.

ఆయిల్ పంపు గురించి. పంపు తీగ, యాక్సిలరేటర్ తీగ కలిసి కదలాలి. పంపు లివర్ మీద ఒక గుర్తు, బాడీ మీద ఒక గుర్తు ఉంటాయి. అవి ఏ పొజిషన్‌లో కలవాలో పుస్తకం చెబుతుంది. యాక్సిలరేటర్ తీగ బిగించినప్పుడల్లా ఆ గుర్తులు మళ్ళీ చూడాలి. ఆయిల్ పైపు ఊడదీసి పెట్టారంటే లోపల గాలి చేరింది, గాలి తీసేదాకా ఇంజన్‌కి ఆయిల్ అందదు. గాలి పూర్తిగా పోయిందని నమ్మకం లేకపోతే మొదటి ట్యాంకు పెట్రోల్లోనే లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్, కలపండి. కాస్త పొగ వస్తుంది, వస్తే రానివ్వండి.

గాలి లీకు కూడా మిక్స్చర్‌ని పలచబరుస్తుంది. కార్బరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు ముక్క చలికి గట్టిపడి చిట్లుతుంది. క్రాంక్ ఆయిల్ సీల్ కూడా అంతే. యాక్సిలరేటర్ వదిలేశాక ఇంజన్ వెంటనే దిగిరాకుండా రేజింగ్‌లోనే వేలాడుతుంటే జెట్టు జోలికి పోయే ముందు ఈ రబ్బరు వంచి చూడండి.

వెనక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతేమిటని. మంచి ప్రశ్న. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అది కలిసిన పెట్రోలుతో అదే జెట్టు మీద మిక్స్చర్ ఇంకొంచెం పలచబడుతుంది. అంటే చలి చేసే పనినే ఇదీ చేస్తుంది, రెండూ ఒకే వైపు తోస్తాయి. పైగా అది నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగిపోతాయి. కార్బరేటర్ ముందు తాగేది ఆ అడుగుదే. పాత బండికి ఎంత ఇథనాల్ దాకా కంపెనీ ఒప్పుకుందో పుస్తకంలో చూసి పొయ్యండి. ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా వదలకండి. ఖాళీ జాగాలో గాలి చల్లబడి తేమ గోడలకి పడుతుంది, అదే ఫిల్టర్‌లో మంచు గడ్డ అవుతుంది.

ఇప్పుడు బెల్టు. నన్నడిగితే ఈ బండిలో మెకానిక్ తెలివి కనిపించేది ఇక్కడే.

స్కూటీలో బెల్టు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. స్లోలో బండి కదలకుండా చూసేది వెనక చక్రం దగ్గరుండే క్లచ్. స్నో స్కూటర్‌లో ఆ వెనక క్లచ్ లేదు. ఇంజన్ షాఫ్టు మీదున్న ముందు పుల్లీ రెండు పలకలూ స్లోలో ఎడంగా ఉంటాయి, బెల్టు మధ్యలో వదులుగా కూర్చుంటుంది. రేజింగ్ ఇచ్చేసరికి, సుమారు 3000 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య, లోపలి బరువులు విసురుకి బయటికి జరిగి పలకల్ని దగ్గరికి నొక్కుతాయి. అప్పుడు బెల్టుని పట్టుకుంటాయి. ప్రతిసారీ బండి కదిలే ఆ క్షణంలో బెల్టు కాస్త జారుతూనే పట్టుకుంటుంది. ఆ జారుడులో వేడి పుడుతుంది. కొంచెం అయితే ఫర్వాలేదు.

ట్రాక్ నేలకి గడ్డకట్టుకుపోయి ఉందనుకోండి. రాత్రి మెత్తటి తడి మంచులో నిలబెట్టారు, తెల్లారేసరికి రాయి అయింది. పొద్దున్న వచ్చి స్టార్ట్ చేసి రేజింగ్ ఇచ్చారు. ముందు పుల్లీ తిరుగుతోంది, బెల్టు కదలడం లేదు. బెల్టులో ఒకే ఒక్క చోటు పుల్లీకి రాసుకుంటూ కాలిపోతుంది. కొన్ని క్షణాలు చాలు. తర్వాత ట్రాక్ విడిపోయి బండి కదిలినా, ఆ కాలిన చోటు పుల్లీలోకి వచ్చిన ప్రతిసారీ దడ్ దడ్ అని కొడుతుంది. ఇదిగో ఆ బెల్టు, ఇక్కడ నడుము సన్నబడి ఉంది చూడండి. ఇలా అయిన బెల్టు ఇక పనికిరాదు. దీనికి మందు చాలా చౌక. సాయంత్రం బండి ఆపే ముందు వెనక భాగం లేపి, ట్రాక్‌ని గాల్లో తిప్పి, అంటుకున్న మంచు విదిలించెయ్యాలి. నిలబెట్టేటప్పుడు ట్రాక్ కింద, స్కీల కింద చెక్కలు వెయ్యాలి. పొద్దున్న స్కీల ముందు కొసలు పట్టి అటూ ఇటూ కదిపి, వెనక లేపి, విడిపోయిందని చూసుకున్నాకే రేజింగ్ ఇవ్వాలి. ట్రాక్‌ని గాల్లో తిప్పేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. రాయో, మంచు గడ్డో తుపాకీ గుండులా వస్తుంది.

బెల్టు వేడి చూడడానికి మీటరు అక్కర్లేదు. కొంత దూరం నడిపాక ఇంజన్ ఆపి, తోలేవాడి జాకెట్‌కి ఉండే సేఫ్టీ తాడు పీకి, అన్నీ ఆగాయని చూసుకుని మూత తీసి, రెండు పుల్లీల మీదా చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలపలేనంతగా కాలుతుంటే బెల్టు జారుతోంది. ముందు పుల్లీ ఎక్కువ కాలుతుంటే జారుడు ముందు ఉంది, వెనకది ఎక్కువ కాలుతుంటే వెనక ఉంది. ముందైతే బరువుల పిన్నులు అరిగాయా, స్ప్రింగు పోయిందా చూడండి. వెనకైతే ఆ స్ప్రింగు మెత్తబడిందా, బుష్షులు అరిగాయా చూడండి. రెండూ కాలుతుంటే రెండు పుల్లీలూ ఒక గీతలో లేవేమో చూడండి. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు తెగితే ఇంజన్ కొద్దిగా ఒరిగిపోతుంది, పుల్లీలు తప్పుతాయి, కొత్త బెల్టు వేసినా అదీ పోతుంది. బెల్టు మీద బెల్టు మార్చే ముందు మౌంటింగ్ చూడాలి. ఈ మాట రాసుకోండి తమ్ముళ్ళూ. బెల్టు పోవడం రోగం కాదు, రోగానికి గుర్తు.

ఇంజన్ ఆర్‌పీఎం చూపించే టాకోమీటర్ ఉంటే అదీ చెబుతుంది. ఆర్‌పీఎం ఎప్పటికన్నా ఎక్కువ, స్పీడు తక్కువ అయితే బెల్టు జారుతోంది. రెండూ తక్కువైతే ముందు ఇంజన్ వైపు చూడండి. స్టార్టింగ్ బాగుంది, టాప్ స్పీడు మాత్రం అందడం లేదంటే బెల్టు వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. పక్కలు అరిగి సన్నబడిన బెల్టు పుల్లీ అంచు దాకా ఎక్కలేదు.

కొత్త బెల్టు వేసేటప్పుడు పుల్లీ పలకల్ని శుభ్రమైన గుడ్డతో తుడవాలి. గ్రీజు చెయ్యి తగలనివ్వకండి. బెల్టు తెగి ఉంటే దాని దారాలు వెనక పుల్లీలోకి, క్రాంక్ సీల్ దాకా చుట్టుకుంటాయి. ఒక్క పోగు కూడా మిగలకుండా తియ్యాలి. కొత్త బెల్టుతో మొదట నిదానంగా నడపాలి. విడి బెల్టు ఒకటి, దాన్ని మార్చే పనిముట్టు ఒకటి లేకుండా బండి క్యాంపు దాటకూడదు. ఇది అక్కడ అందరూ పాటించే పద్ధతి.

మూడో వేడి ట్రాక్ లోపల పుడుతుంది. ట్రాక్ లోపల రెండు పొడవాటి పట్టాలుంటాయి. వాటి కింద ప్లాస్టిక్ పట్టీలు, స్లైడ్లు అంటాం. ట్రాక్‌లోని లోహపు క్లిప్పులు వీటి మీద రాసుకుంటూ పోతాయి. ఎడ్లబండి ఇరుసుకి కందెన ఎలాగో ఈ స్లైడ్లకి మంచు అలాగ. ట్రాక్ ఎగజిమ్మే పొడి మంచు వాటి మధ్యకి చేరి, కరిగి, జారుడునీ ఇస్తుంది, చల్లబరుస్తుంది కూడా. మంచు లేని రోడ్డు మీదనో, గాజులా గట్టిపడిన ఐసు మీదనో నడిపితే ఆ పొడి మంచు అందదు. స్లైడు కరిగి క్లిప్పులకి అంటుకుంటుంది. ప్లాస్టిక్ కాలిన వాసన ముందు వస్తుంది, తర్వాత బండి బరువెక్కినట్టు లాగుతుంది. ఈ సరికే బండిలో ఇంకో చోట కూడా వేడి పెరుగుతూ ఉంటుంది. నీటితో చల్లబడే ఇంజన్ల రేడియేటర్లు ట్రాక్ పైన గూడులో ఉంటాయి, వాటిని చల్లబరిచేదీ ట్రాక్ ఎగజిమ్మే ఆ మంచే. మంచు ఎగరకపోతే మైనస్ 20లో ఇంజన్ ఓవర్‌హీట్ అవుతుంది. ఎర్ర లైటు వెలిగితే కొత్తవాళ్ళు నమ్మరు, మీటరు పాడైందంటారు. పక్కనున్న మెత్తటి మంచులోకి బండిని తిప్పి కాసేపు నడిపితే రెండూ చల్లబడతాయి. ఐసు మీద ఎక్కువ తిరగాల్సిన బండికి పట్టాలకి స్ప్రింగు కడ్డీలు బిగిస్తారు. అవి ఐసుని గీకి పొడిని పైకి చిమ్ముతాయి.

కూలెంట్ గురించి ఒక భ్రమ ఉంది. చలి ఎక్కువ కాబట్టి నీళ్ళు కలపకుండా చిక్కగా పోస్తే మంచిదనుకుంటారు. ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్ళు సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నీళ్ళు లేకుండా ఉత్త గ్లైకాల్ పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. కలపాల్సిందే. ఇంకా చలి చోటుకైతే గ్లైకాల్ 60 శాతం దాకా పెంచుతారు, అంతకు మించి కాదు.

ట్రాక్ బిగువు కూడా వేడి లెక్కే. మరీ బిగిస్తే స్లైడ్ల మీద రాపిడి పెరుగుతుంది, వదిలేస్తే తిప్పే చక్రం పళ్ళ మీద ఎగిరి టకటక కొడుతుంది. ఎంత బరువు వేలాడదీస్తే ఎంత దిగాలో పుస్తకంలో ఉంటుంది. ట్రాక్ ఎప్పుడూ వదులుగా ఉన్న వైపుకి జరుగుతుంది. వెనక ఇరుసు బోల్టులు కొద్ది కొద్దిగా తిప్పుతూ, ట్రాక్‌ని గాల్లో నిదానంగా తిప్పి, రెండు పక్కలా సందు సమానంగా వచ్చిందో లేదో చూసుకోవాలి.

స్టార్ట్ కాని బండి సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో మీకు తెలియనిది తక్కువ. ముందు తోలేవాడి జాకెట్‌కి తగిలించుకునే తాడు పెట్టారా, ఎర్ర స్విచ్ సరైన వైపు ఉందా చూడండి. మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది, మంచి ఏర్పాటు. కానీ అది పెట్టకుండా స్టార్టింగ్ తాడు లాగి లాగి భుజాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. తర్వాత ప్లగ్గు తియ్యండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, ఫిల్టర్‌లో మంచు గడ్డ చూడండి, ట్యాంకు మూతలో గాలి రంధ్రం మంచుతో మూసుకుందేమో చూడండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి స్టార్టింగ్ తాడు లాగండి. కరెంటు ఉంది, పెట్రోలు ఉంది, అయినా పట్టడం లేదంటే కంప్రెషన్ కొలవండి. రెండు సిలిండర్లకీ మధ్య తేడా పది శాతం దాటితే విప్పాల్సిందే. స్టార్ట్ అవుతుంది కానీ స్లోలో నిలవదు, చోక్ తీస్తే ఆగిపోతుంది అంటే చాలాసార్లు స్లోలో పెట్రోలు ఇచ్చే స్లో జెట్టు మూసుకుపోయి ఉంటుంది. దానికి సూది గుచ్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనరూ గాలీ చాలు.

బ్యాటరీతో స్టార్ట్ అయ్యే బండ్లయితే ఒక మాట. మైనస్ 18 దగ్గర లెడ్ బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది. ఛార్జ్ దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. ఫుల్ ఛార్జ్ ఉన్నది మైనస్ 50కి కూడా తట్టుకుంటుంది.

మీ చేతుల గురించి చెప్పకుండా దిగిపోలేను. ఇవాళ చెప్పిన అన్ని సంగతుల్లోకీ నాకు ఇదే ముఖ్యం. మైనస్ 20లో ఉన్న పెట్రోలు గడ్డకట్టదు, నీళ్ళలాగే ఉంటుంది. అది ఉత్త చేతి మీద ఒలికితే ఆవిరవుతూ చర్మంలో ఉన్న వేడిని లాగేస్తుంది. కాసేపట్లో వేళ్ళు తెల్లబడి స్పర్శ పోతుంది. మన దగ్గర కార్బరేటర్ విప్పితే పెట్రోలు చేతి మీద పోసుకుని గ్రీజు కడుక్కుంటాం. ఆ అలవాటు అక్కడికి తీసుకెళ్ళకండి. ఇనప పానా ఉత్త చేత్తో పట్టుకోకండి, తడి చెయ్యి అంటుకుపోతుంది. లోపల పల్చటి గ్లవ్స్, పైన మందపువి వేసుకుని పని చెయ్యాలి, నట్లు బిగించేటప్పుడు మాత్రమే పైవి తియ్యాలి. చలి అని షెడ్ తలుపులు మూసి ఇంజన్ నడపకండి, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. సహాయానికి వచ్చిన కుర్రాణ్ణి ముందు బయటికి పంపి తర్వాత బండి చూడండి.

ఇక వేసవిలో నిలబెట్టడం. మంచు కరిగాక బండి నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. సీజన్ మొదట్లో వచ్చే కంప్లైంట్లలో చాలా వరకు ఈ నెలల్లో పుట్టినవే. కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు ఖాళీ చెయ్యాలి, లేకపోతే జిగురై స్లో జెట్టు మూసేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా గాలి దారిలోంచి తుప్పు పట్టనివ్వని ఆయిల్ కొట్టి, పొగ బాగా వచ్చాక ఆపాలి. క్రాంక్ బేరింగులకి తుప్పు పడితే పైకి ఏమీ కనిపించదు, వచ్చే చలికాలంలో కొండ మధ్యలో శబ్దం వస్తుంది. బెల్టు తీసి చదునుగా పెట్టాలి. గ్రీజు నిపుల్స్ అన్నిటికీ పాత గ్రీజూ నీళ్ళూ బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టాలి, అదీ చలికి గట్టిపడని రకం. గొలుసు పెట్టెలో ఆయిల్ మార్చి, అడుగున అయస్కాంతం మీద చేరిన లోహపు పొడి చూడాలి. పిండిలా ఉంటే మామూలే, ముక్కలుంటే గొలుసు చూడాలి. సైలెన్సర్ నోట్లో, గాలి పెట్టె నోట్లో గుడ్డ కుక్కి ఎలుకలు దూరకుండా చెయ్యాలి, గుడ్డ కుక్కినట్టు హ్యాండిల్‌కి చీటీ కట్టాలి.

చివరి ప్రశ్న ఐటీఐ అమ్మాయి అడిగింది. కొత్త బండ్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ కదా, ఫోర్ స్ట్రోక్‌లు కూడా వచ్చాయి కదా, ఈ పాత చదువు ఎందుకని. బాగా అడిగావమ్మా. ఇంజెక్షన్ బండిలో చలి లెక్కా, ఎత్తు లెక్కా సెన్సార్లు చూసుకుంటాయి, జెట్టు మార్చే పని లేదు. ఫోర్ స్ట్రోక్‌లో టూటీ ఆయిల్ గొడవ లేదు. స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదవడం తప్పకుండా నేర్చుకో. కానీ దాంట్లోనూ బెల్టు ఇదే, స్లైడ్లు ఇవే, ట్రాక్ పైన రేడియేటర్లు ఇవే. ఇంజన్ మౌంటింగ్ తెగి పుల్లీలు ఒరిగాయని సెన్సార్ చెప్పదు, స్లైడు కరుగుతోందనీ చెప్పదు. అవి వాసన చూసీ, చెయ్యి పెట్టీ తెలుసుకోవాల్సినవే. నువ్వు స్కూటీ బెల్టు ఎప్పుడైనా విప్పావా? లేదా? అయితే రేపు పొద్దున్న పూజ తీసేశాక ఇక్కడున్న ఏ మేస్త్రి షాపుకైనా వెళ్ళు. మూత విప్పించి, ముందు పుల్లీ పలకలు చేత్తో దగ్గరికి నొక్కి, బెల్టు పైకెక్కడం చూడు. అక్కడి నుంచి మొదలుపెట్టు.